మంత్రిగారి పన్ను

విదేశాంగ మంత్రిగారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. వెనక గుమ్మంలోంచి బయటపడాలి, నాలుగు వీధుల అవతల దంతవైద్యుడి దగ్గర పన్ను పీకించుకోవాలి, భోజనం వేళకు ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చోవాలి.

ఆయన ముప్పై ఏళ్లు రాయబారిగా చేసిన మనిషి. అవును, కాదు అనే రెండు మాటలూ నోట రాకుండా ఉద్యోగం వెళ్లదీశారు. ఇంట్లో కూర ఎలా ఉందని అడిగినా "సానుకూలంగా ఉంది" అనేవారు. అలాంటి గుంభనమైన మనిషిని పట్టుకొచ్చి మంత్రిని చేశారు. మొదటి నెలలోనే సభలో ఒక్క తుమ్ము తుమ్మితే, మంత్రిగారి ఆరోగ్యం క్షీణించిందని పేపర్లన్నీ రాశాయి. అప్పట్నుంచి గేటు ముందు విలేకరులు కాపురం పెట్టారు. ఇక పన్ను సంగతి పొక్కితే బతకనిస్తారా?

"పొద్దున్నే ఎక్కడికండీ?" అంది భార్య వంటింట్లోంచి.

"పరిశీలనలో ఉంది."

"పరిశీలిస్తూనే ఉండండి. సరిహద్దు వంతెన మూసేసి రెండేళ్లయింది. అవతలి ఒడ్డున మా అక్క, ఇవతల నేను. మీరు మంత్రయ్యారు, ఏం లాభం? ఆ పొరుగుదేశపు రాయబారిని కూర్చోబెట్టి ఒక్కసారి గట్టిగా మాట్లాడలేరా?"

మంత్రిగారి మనసు చివుక్కుమంది. వంతెన తెరిపించలేకపోతున్న దిగులు ఆయన్ని పన్నుపోటు కంటే ఎక్కువగానే పీడిస్తోంది. మాట్లాడిన ప్రతిసారీ పొరుగు రాయబారి కూడా అవుననడు, కాదనడు. ఇద్దరిదీ ఒకటే బడి.

మంత్రికి నొప్పి పుడితే తన కొంప మునుగుతుందని భయపడి, దంతవైద్యుడు ఒకటికి రెండు మత్తు ఇంజెక్షన్లు పొడిచాడు. పన్ను లాగి, దూది కుక్కి, "రాత్రిదాకా నోరు విప్పకండి సార్" అన్నాడు. మంత్రిగారు మొహానికి మఫ్లర్ చుట్టుకుని ఆసుపత్రి వెనక తలుపులోంచి సందులోకి దిగారు. ఎదురుగా ఉన్నది పొరుగుదేశపు రాయబార కార్యాలయం వెనక గేటని తొందరలో ఆయనకు గుర్తులేదు. సందు చివర టీ తాగుతున్న విలేకరమ్మకు మాత్రం బాగా గుర్తుంది.

"సార్, వంతెన మీద రహస్య చర్చలా?"

తల అడ్డంగా ఊపితే సరిపోయేది. ముప్పై ఏళ్ల అలవాటు ఊపనివ్వలేదు. ఆయన చెంప పట్టుకుని ఆకాశంకేసి చూశారు.

"బాగా కష్టంగా సాగాయా సార్?"

మంత్రిగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కెమెరా వాటిని కూడా వదల్లేదు.

ఆయన ఇల్లు చేరేసరికి టీవీల్లో అదే గోల. తనకు ఒక్క ముక్కైనా చెప్పకుండా చర్చలకు వెళ్లారని ప్రెస్ కార్యదర్శి చిన్నబుచ్చుకున్నాడు. అయినా పని పనే కాబట్టి, "అలాంటి చర్చలేవీ జరగలేదు" అని ప్రకటన వదిలాడు. ఆ శాఖ ఖండించిన వార్త అబద్ధమని తేలిన సందర్భం ఇంతవరకూ లేదు. దాంతో అనుమానం ఉన్నవాళ్లకు కూడా నమ్మకం కుదిరింది.

అవతల పొరుగు రాయబారికి వాళ్ల ప్రధానమంత్రి ఫోన్ చేశాడు. "మనవైపు నుంచి మాట్లాడిందెవరయ్యా?"

తెలియదంటే ఉద్యోగానికే ఎసరు. "సమయం వచ్చినప్పుడు మనవి చేస్తానండి" అన్నాడు రాయబారి.

"నువ్వేనన్నమాట, భేష్. సాయంత్రానికల్లా తేల్చుకొచ్చేయ్."

పాపం, ఆ సాయంత్రం అతను చెమటలు కక్కుకుంటూ మంత్రిగారి వెనక గుమ్మంలోంచి సరాసరి వంటింట్లోకి వచ్చిపడ్డాడు. మంత్రిగారు మఫ్లర్ తీయకుండా బల్ల ముందు కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం భోజనం ముట్టకపోవడంతో భార్యకు పన్ను సంగతి తెలిసిపోయింది. ఆవిడ అతిథికి కుర్చీ వేసి, పక్కనే నిలబడింది.

"వంతెన వారానికి ఒకరోజు తెరుద్దామండీ" అన్నాడు రాయబారి.

మంత్రిగారు ఉలకలేదు, పలకలేదు.

"సరే, మూడు రోజులు."

మంత్రిగారు ఆనందం పట్టలేక, జీవితంలో మొదటిసారి "అవును" అనబోయారు. దూది అడ్డుపడి గుర్రుమని ఒక శబ్దం వచ్చింది. రాయబారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"కోప్పడకండి. రోజూ తెరుద్దాం."

"మా ఆయన ఇంతసేపు మాట్లాడలేదంటే ఇంకేదో మిగిలే ఉంటుంది" అంది ఆవిడ అమాయకంగా. "చుట్టాల దగ్గర రుసుము అదీ వసూలు చేస్తారేమో మరి."

"అదీ ఎత్తేస్తామమ్మా."

ఆ బల్ల మీదే సంతకాలైపోయాయి. రాయబారి వెళ్లగానే ఆవిడ కళ్లు తుడుచుకుని, భర్త వాచిన చెంపను అరచేత్తో మెత్తగా నిమిరింది.

మర్నాడు విలేకరుల సమావేశంలో మంత్రిగారు తెగించి నిజం చెప్పేశారు. "నేను వెళ్లింది పన్ను పీకించుకోవడానికి." హాలంతా గొల్లుమంది. ఆయనలో ఇంత హాస్యం ఉందనుకోలేదని పేపర్లు మెచ్చుకున్నాయి. దంతవైద్యుణ్ణి అడిగితే, రోగుల విషయాలు బయటపెట్టనన్నాడు.

వంతెన తెరిచిన రోజు మొదట దాటి వచ్చింది వదినగారే. అక్కాచెల్లెళ్లు నడివంతెన మీద కావలించుకుని నవ్వుతూ ఏడ్చారు. మంత్రిగారు కూడా కళ్లు తుడుచుకున్నారు, ఈసారి ఏ పన్నుపోటూ లేకుండానే. ఇంతలో విలేకరమ్మ వదినగారి ముందు మైకు పెట్టింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"మా మరిదిగారా? పైకి అలా కనిపిస్తారు గానీ, నిద్రలో పాటలు పాడతారమ్మా. పెళ్లయిన కొత్తలో బల్లిని చూసి మంచమెక్కి అరిచారు, వీధి వీధంతా లేచింది. కూర్చో, మొదట్నుంచీ చెబుతాను."

అన్ని చానళ్లూ దాన్ని ప్రత్యక్షంగా చూపించాయి.

వంతెనను మళ్లీ మూయించే మార్గం ఏదైనా ఉందా అని మంత్రిగారు ఆ సాయంత్రమే వాకబు చేశారని ఒక పత్రిక రాసింది. ఆ వార్తను శాఖ వెంటనే ఖండించింది.