బందు రోజుకు పర్మనెంటు బోర్డు

శుక్రవారం పొద్దున చెన్నకేశవులు వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఆ రోజు బందు. మాదాపూర్‌లోని తన వంటశాల షట్టరు ఎత్తే పని లేదు. కానీ రోజూ తన క్యారియర్ భోజనం తినే సాఫ్ట్‌వేర్ జనంలో చాలామంది కాపురం ఉండేది కూకట్‌పల్లిలో. బందని ఇంట్లో కూర్చున్నా ఆకలి ఆగదు. ఆకలేస్తే అలవాటుగా తన వెబ్‌సైటే తెరుస్తారు. వచ్చిన బేరాన్ని వదులుకోవడం అతని ఒంటికి పడదు. అందుకని కూకట్‌పల్లి సందుల్లో మెస్ నడిపే వెంకటనారాయణతో మాట్లాడుకున్నాడు. ఈ ఒక్కరోజు తన సైటుకు వచ్చినవాళ్లను అతని సైటుకు మళ్లిస్తాడు, అతను నడిచి వెళ్లి అందిస్తాడు, లాభంలో ఇద్దరికీ వాటా.

సైటు తయారుచేసింది తమ్ముడి కూతురు ప్రియాంక. హైటెక్ సిటీలో ఉద్యోగం. సర్వరంటే కౌంటర్లో కూర్చున్న గుమాస్తా లాంటిదని, వచ్చిన ప్రతి మనిషికీ ఒక అంకె జవాబుగా చెబుతుందని పెద్దనాయనకు ముందే బోధించింది. 200 అంటే ఉంది, తీసుకోండి. 404 అంటే ఆ సరుకు మా దగ్గర లేదు. 503 అంటే కొట్టు ఉంది గానీ ఇప్పుడు చేయలేం, తర్వాత రండి. ప్రొద్దుటూరు బట్టల కొట్లో మొదలుపెట్టి ఇన్నేళ్లుగా గొంతు చించుకుని చెప్పిన మాటలన్నీ ఇలా అంకెల్లో ఇమిడిపోయేసరికి చెన్నకేశవులు మురిసిపోయాడు. ఒక్క 500 మాత్రం నచ్చలేదు. తప్పు మాదేనని గుమాస్తా తనంతట తాను ఒప్పుకోవడం ఏం వ్యాపారం?

మళ్లింపుకు రెండు బటన్లున్నాయి. 302 తాత్కాలికం, 301 శాశ్వతం. 302 నొక్కితే చాలని ప్రియాంక చెప్పింది.

"రెండిట్లో దేనికన్నా ఎక్కువ పడుతుందా అమ్మా?" అన్నాడు.

"రెండూ ఊరికే పెద్దనాయనా."

ఊరికే వస్తున్నప్పుడు తాత్కాలికం తీసుకునేవాడు ఎవడు? గ్యారంటీ లేని గొడుగు కూడా కొనని మనిషి అతను. ఫోన్ పెట్టేసి 301 నొక్కాడు.

శుక్రవారం బ్రహ్మాండంగా గడిచింది. మధ్యాహ్నం వంటమనిషి సాయమ్మ బాలానగర్ బస్తీ నుంచి ఫోన్ చేసి, అంతా కూకట్‌పల్లికేనటగా అని అడిగింది. ఆర్డర్ల సంగతి ఆమె దాకా ఎలా వెళ్లిందా అనుకుంటూనే, అవును, అంతా అక్కడికే, ఫికర్ పడొద్దన్నాడు.

శనివారం మాత్రం ఆషామాషీ రోజు కాదు. బందుకు బదులుగా ఆఫీసులన్నీ పనిచేస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, ఓ పెద్ద కంపెనీలో భోజనాల వ్యవహారం చూసే హరిత ఆ రోజు పరీక్ష పెడతానంది. మామూలు ఖాతాదారులాగా సైటులోనే ఆర్డరు పెడుతుంది. తిండి బాగుండి వేళకు వస్తే ఏడాది కాంట్రాక్టు. వరస బందులతో పాత ఆఫీసులు ఒక్కటొక్కటే జారిపోయి వంటశాల కుంటుతోంది. ఈ కాంట్రాక్టు వస్తే పొయ్యి వెలుగుతుంది, లేకపోతే ఆరిపోతుంది. మధ్యేమార్గం లేదు.

పొద్దున్నే వచ్చి 301 తీసేశాడు. కొట్లోని కంప్యూటర్లో సైటు చూసుకున్నాడు. నిక్షేపంగా 200. కానీ ఒక్క ఆర్డరూ రాలేదు. సాయమ్మ రాలేదు, ఆమె వెంట వచ్చే ఆడవాళ్లూ రాలేదు. పప్పు తానే కడిగి పెట్టాడు. ఇంతలో మెడలో ఐడీ కార్డుతో పాత ఖాతాదారు ఒకడు షట్టరు ముందు ఆగి, మీరు కూకట్‌పల్లికి మారిపోయారట కదా అన్నాడు.

"ఎవరు చెప్పినారు? నీ ఎదురుగానే ఉండాను గదప్పా."

"మీరుండొచ్చండి. సర్వర్ 301 ఇచ్చింది. మూవ్డ్ పర్మనెంట్లీ. మా ఫ్లోర్ మొత్తానికి మెయిల్ కూడా వచ్చేసింది."

తెరిచిన షట్టరును, పొగ కక్కుతున్న పొయ్యిని, చేతిలో గరిటె పట్టుకున్న యజమానిని కళ్లారా చూసి కూడా ఆ మనిషి సర్వరునే నమ్మి వెళ్లిపోయాడు. చెన్నకేశవులు ప్రియాంకకు ఫోన్ కలిపాడు.

"శాశ్వతం అన్నావు కదా పెద్దనాయనా, నిన్న చూసిన ప్రతి కంప్యూటరూ గుర్తుపెట్టుకుంది. ఇంక నీ సర్వర్‌ని అడగనే అడగదు, నేరుగా అక్కడికే పోతుంది."

"మాట మార్చుకున్నానని వాటికి చెప్పు."

"ఎట్లా చెప్పేది? చెప్పడానికి అవి నీ దగ్గరికి రావాల కదా."

మెనూ చూడటానికి నిన్ననే సైటు తెరిచానని హరిత చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అంటే ఆమె ఆర్డరు కూడా కూకట్‌పల్లికే పోయింది.

అదే సమయానికి షట్టరు యజమాని ఓదెలు స్కూటర్ దిగాడు. మెడలో గులాబీ కండువా, చంకలో టూలెట్ బోర్డు. ఏ ఆఫీసు వాచ్‌మన్ చెప్పాడో, వార్త అతని దాకా వెళ్లింది. కోపం కంటే మనసు నొచ్చుకోవడమే ముఖంలో ఎక్కువగా ఉంది.

"ఏంది కేశవులన్నా, గిట్ల జేస్తవా? మేం రాష్ట్రం అడిగినం గని, నిన్ను పొమ్మన్నమా?"

"నేను యాడికీ పోలేదన్నా."

"పోలేదంటవ్. పర్మనెంట్ అని కంప్యూటర్ల రాసినవంట. గిన్నేండ్ల దోస్తానా, నాతోని చెప్పాల్నా, మిషన్‌తోని చెప్పాల్నా?"

అతనికి 301 గురించి వివరించబోతుండగా వెంకటనారాయణ ఫోన్ వచ్చింది. గొంతు ఏడుపుకు దగ్గరగా ఉంది. ఆర్డర్లు వరదలా వచ్చి పడుతున్నాయి, అన్నీ హైటెక్ సిటీ చిరునామాలే. నిన్నంటే సందుల్లో నడిచి ఇచ్చాడు, ఇవాళ అంత దూరం ఎవరు మోస్తారు? మోసినా ఆ గేట్ల దగ్గర సెక్యూరిటీ వాళ్లు లోపలికి రానిస్తారా? పైగా తెల్లారేసరికి సాయమ్మ తన బలగంతో దిగిపోయి, సేటు ఇక్కడికే మారిండని చెప్పి అతని పొయ్యిని ఆక్రమించుకుంది.

"నా వంటింట్లోంచి నన్నే బయటికి పొమ్మంటోందండీ ఆవిడ," అన్నాడు.

చెన్నకేశవులు బతిమాలడానికి నోరు తెరిచాడు. తెరిచినవాడు ఆగి ఒక లెక్క వేసుకున్నాడు. అటు ఆర్డర్లున్నాయి, వంటవాళ్లున్నారు. ఇటు క్యారియర్లున్నాయి, గేటు పాసులున్నాయి. ఎవరి సగంతోనూ ఎవరికీ గిట్టుబాటు కాదు. దుఃఖం దిగమింగి, బేరం గొంతు తెచ్చుకున్నాడు.

"వెంకటనారాయణగారూ, వండింది వండినట్టు ట్రాలీకెక్కించి ఇక్కడికి తోలండి. మిగతాది నేను చూసుకుంటా. లాభం చెరిసగం."

వెంకటనారాయణ ఎదురు బేరం కూడా ఆడలేదు. కాసేపట్లో ట్రాలీ ఆటో మాదాపూర్ వైపు పరుగు తీసింది. వెనక పప్పు గుండిగను కావలించుకుని సాయమ్మ, అన్నం డేగిసాను పట్టుకుని వెంకటనారాయణ. దారిలో ఊరేగింపు అడ్డం వస్తే, స్కూటర్ మీద ఎదురెళ్లిన ఓదెలు అలక మానకుండానే కండువా ఊపి దారి ఇప్పించాడు. చెన్నకేశవులును చూడగానే సాయమ్మ ట్రాలీ మీది నుంచే నిలదీసింది.

"నన్ను ఆడికి తోలి, నువ్వు ఈడ్నే కూసున్నవా సేటు?"

జవాబు చెప్పే తీరిక లేదు. క్యారియర్లు నిండాయి, పాసులు చూపించారు, లిఫ్టులు ఎక్కారు. హరిత ఆఫీసులో చివరి మూత తీసేసరికి సరిగ్గా భోజనాల వేళయింది. ఆమె పప్పు రుచి చూసింది, పచ్చిపులుసు రెండోసారి వేయించుకుంది. తర్వాత కనుబొమలు ముడిచింది.

"తిండికి వంక లేదండి. కానీ ఆర్డరేమో వెంకటనారాయణగారి సైటులో పడింది, గేటు పాసేమో మీ పేరున ఉంది. కాంట్రాక్టు ఎవరికివ్వాలి?"

ఇద్దరు వ్యాపారులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కడికే కావాలంటే ఇద్దరికీ పోతుంది.

"మేమిద్దరం ఒకటేనండి. పర్మనెంటుగా," అన్నాడు వెంకటనారాయణ.

"ఎప్పటి నుంచి?"

"మీ కంప్యూటర్లోనే చూడండమ్మా," అన్నాడు చెన్నకేశవులు. "నిన్నటి నుంచీ అదే చెప్తాంది."

సాయంత్రం ప్రియాంక ఉత్సాహంగా ఫోన్ చేసింది. వెంకటనారాయణ సైటు నుంచి అందరినీ వెనక్కి మళ్లించే ఉపాయం దొరికిందట. ఇప్పుడప్పుడే ఏమీ ముట్టుకోవద్దని, ఆ సైటు కూడా ఇప్పుడు మనదేనని పెద్దనాయన గట్టిగా చెప్పాడు. వచ్చే బందుకు మాత్రం 503 ఎక్కడ నొక్కాలో అడిగి తెలుసుకున్నాడు.

అవతల వెంకటనారాయణ ఓదెలుదే అయిన పక్క షట్టరు కొలతలు తీసుకుంటున్నాడు. అన్ని ఆఫీసులూ ఇటే ఉంటే కూకట్‌పల్లిలో పొయ్యి పెట్టుకుని ఏం లాభమని అతని లెక్క. ఓదెలు చూసీచూడనట్టు కాసేపు నిలబడి, టూలెట్ బోర్డును మళ్లీ చంకన పెట్టుకుని స్కూటర్ ఎక్కాడు.

"ఒక్కడు పోతుండని బోర్డు తెస్తే, ఇద్దరైన్రు."