సగం మొహం ఎగ్జామినరు

ఆ రోజు పొద్దున పుష్పవల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా జూబ్లీహిల్స్‌లోని కాలేజీకి వెళ్లాలి. మోడల్‌ని కూర్చోబెట్టి కుర్రాణ్ణి ముసలివాణ్ణి చేయాలి. మేకప్ కోర్సు సర్టిఫికెట్‌కి అర్హురాలై బయటపడాలి. హాజరు సరిపోయింది, థియరీ గట్టెక్కింది, మిగిలింది ప్రాక్టికల్ ఒక్కటే. సోమవారానికి సర్టిఫికెట్ చూపిస్తే ఫిల్మ్‌నగర్‌లో సీరియల్ తీసే కంపెనీవాళ్లు అసిస్టెంటుగా తీసుకుంటామన్నారు. చూపించకపోతే ఆ ఉద్యోగం నిర్మాత మరదలికి పోతుంది.

ప్రాక్టికల్‌కి నియమాలు రెండు. మోడల్‌ను అభ్యర్థే తెచ్చుకోవాలి. మేకప్‌కి ముందూ తర్వాతా మొహంలో ముప్పై ఏళ్ల తేడా కనబడాలి.

కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు పంపే ఎర్రటోపీ జంగయ్యకు ముందురోజే చెప్పి పెట్టింది. "ఫికర్ చెయ్యకమ్మా. నర్సింహ అని ఓ పోరడున్నడు. మొహం పలకలెక్క సాఫ్‌గ ఉంటది. నువ్వేం గీస్తే గదే" అన్నాడు జంగయ్య.

నర్సింహ చెప్పిన వేళకే వచ్చాడు. కాకపోతే, ముందురోజు పెళ్లి రిసెప్షన్ సీనులో తొడిగిన కంపెనీ కోటు ఇంకా వాపసు చేయలేదు. దాంతోనే వచ్చాడు. గేటు దగ్గర బయటినుంచి వచ్చే ఎగ్జామినరు కోసం కాచుకుని ఉన్న ప్రిన్సిపాల్ బసవపున్నయ్య, ఆ కోటుకు చేతులు జోడించాడు.

"దయచేయండి అచ్యుతరామయ్య గారూ! పొద్దుట్నుంచీ మీకోసమే చూస్తున్నామండీ" అంటూ తీసుకెళ్లి హాల్లో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాడు.

నర్సింహ ఏళ్ల తరబడి గుంపులో నిలబడి బతుకుతున్నవాడు. చూపించినచోట కూర్చోవడం, డైలాగు ఇస్తే తప్ప నోరు తెరవకపోవడం అతని వృత్తిధర్మం. జూబ్లీహిల్స్‌లో షూటింగు జరగని బంగళా ఎక్కడుంది గనక? మోడల్ పని రద్దయి ఇదేదో వేషం తగిలిందనుకున్నాడు. పైగా తన పాత్రకు ఒక పేరంటూ ఉండటం ఇదే మొదలు. అచ్యుతరామయ్య! వెన్ను నిటారుగా పెట్టి గంభీరంగా చూశాడు.

"కాఫీనా, టీనా అండీ?"

నర్సింహ కాసేపు ఆలోచించి తల పంకించాడు. రెండూ వచ్చాయి.

అసలు అచ్యుతరామయ్య అప్పటికి కాకినాడ రైలు దిగి, ఆటోవాడు కృష్ణానగర్లో దించేసి పోతే, సంచీ మోసుకుంటూ ఎగువదారి ఎక్కుతున్నాడు. చేరేసరికి పంచె మట్టికొట్టుకుపోయింది, తెల్లజుట్టు దుమ్ముకి ఎర్రబడింది. మోడల్ రాలేదని వీధిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న పుష్పవల్లి కంట పడ్డాడు.

"మిమ్మల్ని జంగయ్యేనా పంపింది?"

"పేరు తెలీదమ్మా. కృష్ణానగర్ మూలమీద ఎర్రటోపీ ఆయన, ఇటే పొమ్మన్నాడు."

"కుర్రాణ్ణి పంపమంటే మిమ్మల్ని పంపాడా! ముసలాయన్ని ఇంకేం ముసలాయన్ని చేస్తానండీ నేను?"

"అమ్మా, నేను పరీక్షకి..."

"పరీక్షకేనండీ, తెలుసు. రండి రండి, టైమైపోతోంది." చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి అద్దం ముందు కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్ల తేడా అన్నారు గానీ ఎటువైపో చెప్పలేదు కదా అని అప్పటికప్పుడు తోచింది. అయితే ఈయన్ని కుర్రాణ్ణి చేద్దాం.

ఆయన మళ్లీ నోరు తెరవబోయేసరికి స్పాంజి మొహం మీద పడింది. "పెదవులు కదపకండి, బేస్ పగులుతుంది!"

అచ్యుతరామయ్య ఠక్కున నోరు మూసేశాడు. తొలిపూతగా బేస్ వేశాక మోడల్ పెదవి కదపరాదన్న నియమాన్ని ఎన్నో బ్యాచీల చేత వల్లె వేయించింది ఆయనే మరి.

గంటన్నర తర్వాత ఆ కుర్చీలోంచి నల్లజుట్టుతో, కోరమీసంతో ముప్పై ఏళ్ల మనిషి లేచాడు. లేస్తూనే, "నేను ఎగ్జామినర్ని!" అని అరిచాడు.

బసవపున్నయ్య పరుగెత్తుకొచ్చాడు. అచ్యుతరామయ్య తన కార్డు తీసి చూపించాడు. ప్రిన్సిపాల్ ఫొటో చూశాడు, ఈయన్ని చూశాడు, పెద్ద కుర్చీలో ఉన్న ఆయన్నీ చూశాడు. ఫొటోలో ఉన్నది ముసలాయన. ఇక్కడున్నవాళ్లిద్దరూ కుర్రాళ్లు.

"తమరేమంటారండీ?" అని నర్సింహనే అడిగాడు.

నర్సింహ గంభీరంగా తల పంకించాడు.

"నా మొహం తుడవండయ్యా, తెలుస్తుంది!" అన్నాడు అచ్యుతరామయ్య.

"తుడిచేస్తే నా మార్కులో?" పుష్పవల్లి అడ్డం పడింది. "మేకప్ ఉన్నంతసేపూ మీరు ఎగ్జామినరు కారంటారు వీళ్లు. తీసేస్తే మార్కులేయడానికి మొహం మీద ఏముంటుందండీ?"

చివరికి ప్రిన్సిపాలే తీర్పు చెప్పాడు. సగమే తుడవాలి. ఎడమవైపు తుడిచారు. ముడతలూ, తెల్లమీసమూ, ఫొటోలోని మనిషి సగం బయటపడ్డాడు.

బసవపున్నయ్య పెద్ద కుర్చీ దగ్గరకు ఉరికాడు. "మరి నువ్వెవడివిరా?" అన్నాడు నర్సింహ వైపు తిరిగి.

"నాకేం ఎర్క సార్? మోడల్ అని జంగయ్య పంపిండు. గీడికొస్తే అచ్యుతరామయ్యవన్నరు మీరు. ఏది చెప్తే గది చేస్త."

సన్మానానికి తెప్పించిన శాలువాతోనైనా పెద్దాయన్ని చల్లబరుద్దామని ప్రిన్సిపాల్ ఆఫీసు గదిలోకి పరుగెత్తాడు.

అచ్యుతరామయ్య అద్దంలో కుడివైపు మొహాన్ని కాస్త ముచ్చటగానే చూసుకున్నాడు. తర్వాత నిట్టూర్చాడు. "పనితనం ఉందమ్మా. కానీ మోడల్‌ని నువ్వు తెచ్చుకోవాలి. నన్ను పిలిపించింది కాలేజీ. ఈ మొహానికి నేను మార్కులు వేయలేను."

పుష్పవల్లి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సీరియల్ సెట్లో నిర్మాత మరదలు పౌడరు డబ్బా తెరుస్తున్నట్టే కనబడింది. "తెచ్చుకున్నానండీ. నేను తెచ్చుకున్న మోడల్ మీ కుర్చీలో కూర్చున్నాడు!"

ఆయన గడియారం చూశాడు. "పరీక్ష ముగిసే బెల్లు కొట్టేలోగా చేయగలవా?"

ముసలి మొహం ఎలా ఉండాలో ఆలోచించే వ్యవధి లేదు. ఎదురుగా అచ్యుతరామయ్యది సగం ఉంది. ఆ సగం చూసి ముడతకు ముడత, మచ్చకు మచ్చ నర్సింహ మొహం మీదకు దింపింది. రెండోవైపు కూడా అదే వేసింది. అచ్యుతరామయ్య మిగతా మేకప్ కడుక్కోవడానికి మూలనున్న కుళాయి దగ్గరకు వెళ్లాడు.

బీరువా తాళంచెవి వెతికి వెతికి, అప్పుడు శాలువాతో వచ్చాడు బసవపున్నయ్య. పెద్ద కుర్చీలో ముసలాయన కనబడగానే కప్పేసి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మన్నించాలి అచ్యుతరామయ్య గారూ! ఆ కోటు వెధవ మమ్మల్ని నిలువునా ముంచాడండీ!"

కోటులోని నర్సింహ గంభీరంగా తల పంకించాడు.

"పాస్!" అని కుళాయి దగ్గర్నుంచి వినబడింది.

సోమవారానికి సర్టిఫికెట్ పుష్పవల్లి చేతికొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. నర్సింహ కోటును కంపెనీకి వాపసు చేశాడు గానీ, శాలువాను ఎవరికి వాపసు చేయాలో అతనికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.