రియోహా ఎరుపు, రియోహా తెలుపు, మా ఇంటి మటన్

నాకు మాటలు నేర్పింది బడీ కాదు, పెళ్లీ కాదు. స్పెయిన్‌లోని రియోహా అనే వైన్ల సీమ! నమ్మకపోతే ఏ శనివారమైనా ఐర్లండ్‌లో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని మా ఇంటికి రండి.

పెళ్లయిన పద్నాలుగేళ్లలో వంట గురించి నేనన్నవి రెండే ముక్కలు: ఉప్పు తగ్గింది, కారం ఎక్కువైంది. ఇప్పుడో? ఒక్క గుక్క తాగి ఇరవై నిమిషాలు మాట్లాడగలను. రియోహా ఎరుపులో చెర్రీపండు, వెనిల్లా, కొత్త తోలుచెప్పు. తెలుపులో నిమ్మతొక్క, బాదంపప్పు, వాన వెలిసిన అరుగు. తోలుచెప్పు రుచి నీకెలా తెలుసని మాత్రం అడక్కండి. సంస్కారవంతులు అలాంటివి అడగరు.

మా స్నేహితుడు అబ్రహాము ఇంకో మెట్టు పైన. ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. సీసా వెనక లేబుల్‌ని చర్చిలో వాక్యం చదివినంత భక్తిగా చదువుతాడు. పోయిన శనివారం మా ఇద్దరికీ పెద్ద వాదన. ఎరుపులో ఉన్న ఎసిడిటీయే గొప్పదని నేను, తెలుపుదే గొప్పదని వాడు. ఆ పులుపే లేకపోతే వైన్‌కి ప్రాణం లేదని చివరికి ఇద్దరం ఒప్పుకున్నాం.

అంతలో మా ఆవిడ నిస్సీ మటన్ తెచ్చి వడ్డించింది. తను నర్సు. పన్నెండు గంటల డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా వండింది. వెళ్లకుండా పక్కనే నిలబడి అడిగింది.

"ఎలా ఉందండీ?"

"పులుపెక్కువైంది," అన్నాను.

"అవునక్కా, చింతపండు కొంచెం తగ్గించాల్సింది," అన్నాడు అబ్రహాము.

"చింతపండు అయిపోయింది. షాపుకెళ్లే ఓపిక లేక, కిచెన్‌లో మీరు తెరిచిపెట్టిన ఎర్ర వైనే పోశాను," అంది నిస్సీ. "గ్లాసులో ఉంటే ప్రాణం అన్నారుగా. నా గిన్నెలోకి రాగానే ఎక్కువైందా?"

చూశారా రియోహా మహిమ! ఇరవై నిమిషాల వక్త నోట వచ్చినవి రెండే ముక్కలు: "గ్రాండ్, గ్రాండ్." ఐర్లండ్‌లో కాలు విరిగినవాడు కూడా 'బాగానే ఉంది' అనడానికి వాడే మాట అది.

ఈ శనివారం ఎరుపూ తెలుపూ రెండూ టేబుల్ మీదే ఉన్నాయి. నిస్సీ మాత్రం మా పాపని తీసుకుని సినిమాకి వెళ్లింది. మటన్ వండే గిన్నె కడిగి బోర్లించి ఉంది. గ్లాసులు ఎంత తిప్పినా, ఎంత వాసన చూసినా, రెండింట్లోనూ తాలింపు తగల్లేదు.

ఆ మటన్ చాలా బాగుంది. అప్పుడే చెప్పాల్సింది.