కొండమాటకు సంతాపసభ

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడతాను గానీ, ఆ ఒక్క అడవికీ రాజులు ముగ్గురు. నడిమధ్యన కొండ. దాని తూర్పు వాలు పులిది, పడమటి వాలు ఎలుగుబంటిది, దక్షిణపు వాలు సింహానిది. ఈ సంగతి చెట్లకు తెలీదు, వాగుకీ తెలీదు. చిన్నాచితకా జంతువులకు మాత్రం బాగా తెలుసు. వాలు దాటితే చెవి మెలేసి అడిగేవాళ్లుండేవారు మరి.

తూర్పు వాలులో నూకాలమ్మ అనే ముసలి ముళ్లపంది ఉండేది. కోడలు లీలావతి, మనవరాలు పైడి ఆమెతోనే ఉండేవారు. పైడి అంటే నూకాలమ్మకు ప్రాణం. కానీ ఆ పిల్లతో రెండు ముక్కలు మాట్లాడుకునే యోగం లేదు. నూకాలమ్మకు వచ్చింది కొండమాట ఒక్కటే. దుంప ఎక్కడ ఊరిందో, వాన ఎటునుంచి వస్తోందో, ఎవరి మొగుడు ఎలాంటివాడో, అన్నీ ఆమెకు ఆ మాటలోనే తెలుసు. పైడి నేర్చింది పులిదొరగారి దర్బారు భాష.

"అత్తా, మీ కొండమాట పిల్ల చెవిన పడనివ్వకండి. రేపు బడిలో నోరు తిరగదు. నా చిన్నప్పుడు ఒక్క మాట జారితే మెడలో చెక్కముక్క కట్టి తిప్పారు. మర్చిపోయారా?" అనేది లీలావతి.

అదీ పిల్ల ఇంట్లో లేనప్పుడు, కొండమాటలోనే అనేది. అత్తకు ఇంకో భాష రాదు కదా!

నూకాలమ్మ మర్చిపోలేదు. అందుకే మనవరాలు ఎదురొస్తే నవ్వేది, మెత్తటి దుంప ఏరి చేతిలో పెట్టేది, ఊరుకునేది. పైడి బడిలో ఏం చెప్పిందో తెలుసా? "మా మామ్మ మూగది" అని చెప్పింది. ఆ సంగతి చెవిన పడ్డాక నూకాలమ్మ రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

అలాంటి రోజుల్లో ఉత్తరాన్నుంచి వలసొచ్చిన బాతు ఒకటి, బాగా చదువుకున్నది, పులిదొర దర్బారులో నిలబడి చెప్పింది.

"మహారాజా! తమ కొండపై ఒక ప్రాచీన భాష కలదు. మూడు వాలులలోనూ ఒకటే భాష. అది అంతరించిపోవుచున్నది."

పులిదొర పొంగిపోయాడు. అంతరించిపోయేంత గొప్ప వస్తువు తన రాజ్యంలో ఉందని ఆయనకు అప్పటిదాకా తెలీదు. అక్కడికక్కడే పరిరక్షణ సంఘం వేసి, నక్క పానకాలును కార్యదర్శిని చేశాడు. మిగతా ఇద్దరు రాజులూ చెరో సభ్యుణ్ణి పంపారు. సభ్యుల్లో ఒక్కరికీ కొండమాట రాదు. వస్తే పక్షపాతం చూపిస్తారని పానకాలు ముందే జాగ్రత్తపడ్డాడు.

ఆ భాషకు ఏం పేరు పెట్టాలా అని కూర్చుంటే రెండు వానాకాలాలు గడిచాయి. చివరికి జనం పిలుచుకునే పేరే ఉంచారు. అప్పుడు, దాన్ని ఎంతమంది మాట్లాడుతున్నారో రాసుకు రమ్మని కొంగ ధర్మలింగాన్ని పంపారు.

ధర్మలింగం ఒంటికాలి మీద నిలబడి, దర్బారు భాషలో, "ఈ వృద్ధురాలికి కొండమాట వచ్చునా?" అని అడిగాడు.

లీలావతి అత్త వైపు తిరిగి, "అత్తా, మీకు కొండమాట వచ్చా అని అడుగుతున్నారు" అంది, కొండమాటలో.

నూకాలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. దొరల మనుషులు ఆ మాట గురించి అడిగారంటే మళ్లీ ఎవరి మెడకో చెక్కముక్క తప్పదు.

"అమ్మో! మా ఇంటా వంటా లేదు నాయనా! మా తాతల నాటినుంచీ మేమా మాట ఎరగం. ఒట్టు!" అని గడగడా కొండమాటలో చెప్పేసింది.

"రాదట" అంది లీలావతి దర్బారు భాషలో.

ధర్మలింగం 'రాదు' అని రాసుకున్నాడు. రాసేశాడు కదా, ఇక అదే నిజం.

ప్రతి కన్నం దగ్గరా ఇదే వరస. కుందేలు మాత్రం, "మేం మాట్లాడేది భాషేంటి బాబూ? ఊరికే మాట్లాడుకుంటాం, అంతే" అంది. అదీ 'రాదు' కిందే పడింది.

మూడు వాలుల లెక్కా కూడితే సున్నా తేలింది.

"అయితే భాష మరణించినట్టే" అన్నాడు పానకాలు. అని ఊరుకోకుండా తీర్మానం చేయించాడు, స్మారకశిల చెక్కించాడు, కొండ నెత్తిన సంతాపసభ పెట్టించాడు. మూడు వాలుల వాళ్లూ తప్పనిసరిగా రావాలని చాటింపు. ఆ ఒక్క పూటకూ చెవి మెలేసేవాళ్లను సెలవు మీద పంపారు.

సభలో పానకాలు దర్బారు భాషలో గంటసేపు ఉపన్యసించాడు. పులిదొర కన్నీరు పెట్టుకున్నాడు. నూకాలమ్మ వెనక వరసలో చతికిలబడి, "ఎవరు పోయారో పాపం" అని తనలో తాను గొణుక్కుంది.

"అదే నాకూ తెలీట్లేదు వదినా" అంది పక్కనున్న కొండమేక. ఆవిడ పేరు సన్యాసమ్మ, పడమటి వాలు మనిషి. "పులిదొర ఏడుస్తున్నాడంటే ఎవరో పెద్దవాళ్లే అయ్యుంటారు."

నూకాలమ్మ ఉలిక్కిపడింది. "నీకు మా మాట ఎలా వచ్చింది?"

"మీ మాటేంటి? ఇది మా మాట. మా అమ్మ దగ్గర నేర్చుకున్నా."

"మరి అంత సాగదీస్తావేం?"

"నువ్వు అంత కొరికేస్తావేం?"

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని, చావింట నవ్వకూడదని నోళ్లు మూసుకున్నారు. కానీ వాళ్ల ముందు వరసలో కుందేలు వినేసింది, దాని పక్కన దక్షిణపు వాలు ఉడుత వినేసింది. సభంతా గుసగుసలు పాకిపోయాయి, అన్నీ కొండమాటలోనే.

"ఏం జబ్బట?"

"జబ్బేం లేదట, వయసు."

"పిల్లలు లేరా?"

"ఉన్నారట. ఉండీ ఏం లాభం, ఎవరూ పలకరించేవాళ్లు కాదట."

ఆ మాటకు నూకాలమ్మకు నిజంగానే ఏడుపొచ్చింది. పోయినవాళ్లెవరో తెలీకుండానే వెక్కివెక్కి ఏడ్చింది.

వేదిక మీదున్న బాతు లేచి నిలబడింది. "మహారాజా! మరణించిన భాష వెనక వరసలో మాట్లాడుచున్నది!"

"అది పరదేశి సాక్ష్యం, చెల్లదు" అన్నాడు పానకాలు. తర్వాత పులిదొర చెవిలో, "రాయి చెక్కేశాం ప్రభూ. తమరు కన్నీరు కూడా పెట్టేశారు. రాజుగారి కన్నీరు వెనక్కి పోతే పరువేం కాను?" అన్నాడు.

పొద్దు వాలేలోగా ప్రతి చెట్టుకూ ఉత్తర్వు వేలాడింది. మరణించిన భాషను మాట్లాడుట రికార్డును అవమానించుట. కావున నిషేధము.

నూకాలమ్మ భయపడి కోడలితో కూడా మాట్లాడటం మానేసింది. ఇప్పుడు నిజంగానే మూగదైపోయింది.

మూడోనాడు పైడి బడినుంచి పరుగెత్తుకొచ్చి, మామ్మ చెవికి నోరానించి దర్బారు భాషలో ఏదో గుసగుసలాడింది. నూకాలమ్మకు ముక్క అర్థం కాలేదు. వాకిట్లో దుంపలు తవ్వుతున్న లీలావతికి అంతా వినబడింది.

తవ్వుతున్న దుంప అక్కడే వదిలేసి దగ్గరకొచ్చింది లీలావతి. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, కొండమాటలో చెప్పింది.

"సభలో మీ గొంతు విందట, నిషేధం భాషలో తిట్లు నేర్పమంటోంది అత్తా. కుందేలు పిల్లకు అప్పుడే మూడు వచ్చట, మన దానికి ఒక్కటీ రాదని ఏడుస్తోంది. పంతులుగారికి అర్థం కాకుండా తిట్టుకోవాలట. చిన్నవి మీరు నేర్పండి. పెద్దవి తర్వాత నేను చెబుతా."

నూకాలమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. ఇన్నేళ్లూ లోపల దాచుకున్న మాటల్లో ఒక్క తిట్టూ నోటికి రాలేదు.

"నా బంగారు తల్లీ" అంది.

పైడి పట్టిపట్టి నాలుగుసార్లు పలికింది. మర్నాడు బడిలో గుడ్లగూబ పంతులు అటు తిరగ్గానే, బల్లెక్కి, "నా బంగారు తల్లీ!" అని గట్టిగా తిట్టి దూకేసింది. బడి బడంతా అదిరిపోయింది. సాయంత్రానికి ఇంకో తిట్టు కావాలని మామ్మ ఒళ్లో వాలింది. ఆ వెనకే కుందేలు పిల్లా, వాలు దాటి దొంగచాటుగా వచ్చిన ఉడుత పిల్లా, సన్యాసమ్మ మనవరాళ్లూ చేరారు.

కాబట్టి, మీ ఇంటి మాట పదికాలాలు బతకాలని ఉంటే, ఏదో ఒక దొరను పట్టుకుని ముందు దానికి ఘనంగా సంతాపసభ పెట్టించుకోండి.