తోడల్లుడి కారు

ఆ ఉదయం స్టోరు కీపరుకు రెండు పనులున్నాయి. ఒకటి, తోడల్లుడి కారును పది నిమిషాలు స్టార్టు చేసి ఆపడం. రెండు, పదకొండు గంటలకు మేనేజరు దగ్గర క్వార్టర్సు తాళంచెవి అందుకోవడం. అతను పనిచేసే కాగితం మిల్లులో ఖాళీ అయింది ఒక్కటే ఇల్లు. మరీ ఇబ్బందిలో ఉన్నవాళ్లకు ముందు ఇవ్వాలన్నది నియమం. ఒకే గది, భార్య, ఇద్దరు పిల్లలు, వాన పడితే నాలుగు బకెట్లు. జాబితాలో మొదటి పేరు అతనిదే.

రెండో పని తలచుకుంటే ఎంత హాయిగా ఉందో, మొదటిది తలచుకుంటే అంత కడుపుమంటగా ఉంది. భార్య చెల్లెలి మొగుడు ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగి. నల్లగా నిగనిగలాడే ఆ కారును తెచ్చి ఈ ఇరుకు వాకిట్లో పెట్టాడు. "వారం రోజులు ఊళ్లో ఉండను అన్నయ్యా. మా అపార్ట్‌మెంటుకి రంగులేస్తున్నారు. రోజూ ఓ పది నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలు, నడపొద్దు" అని చెప్పి వెళ్లాడు. నడపొద్దట! ఆ ఒక్క మాట మూడు రోజులుగా స్టోరు కీపరు గొంతులో ముల్లులా ఉంది.

"ఆ డబ్బు పెడితే ఇల్లొస్తుంది. ఎంత కారైనా సిగ్నల్ దగ్గర ఆగేది నా కొత్త స్కూటర్ పక్కనేగా!" అన్నాడు భార్యతో.

"మధ్యలో మీకెందుకండీ ఏడుపు? మా చెల్లెలు పెట్టిపుట్టింది" అంది ఆవిడ.

ఆ మాటతో అతను విసురుగా వెళ్లి కారులో కూర్చున్నాడు. మెత్తటి సీటు వీపును పట్టుకున్న తీరుకు, ఏళ్లనాటి నడుంనొప్పి కాసేపు ఊరుకుంది. దాంతో ఒళ్లు మరింత మండింది. ఇంత ఖరీదు పోసిన వస్తువులో ఎక్కడో ఒక లోపం ఉండే తీరాలి, అది నడిపితేగాని బయటపడదు అని తీర్మానించుకుని కారును నేరుగా మిల్లుకు పోనిచ్చాడు. గతుకుల రోడ్డు కూడా అతనికి సాయం చేయలేదు. కారు కుదిపితే ఒట్టు.

పన్నెండేళ్లుగా గుర్తింపు కార్డు చూపిస్తేగాని కదలని వాచ్‌మన్, హారన్ కొట్టకముందే గేటు తీసి సెల్యూట్ కొట్టాడు. లోపల మేనేజరుగారి కారు పక్కనే నీడలో చోటు కూడా చూపించాడు. కిటికీలోంచి టైపిస్టు కేకేసింది. "మీదేనా సార్? చెప్పనేలేదు!"

కాదని చెప్పడానికే అతను నోరు తెరిచాడు. నోరు తెరుచుకుందిగాని, వచ్చింది నవ్వు. "ఏదో... ఇంట్లో అవసరానికని" అన్నాడు. అందులో అబద్ధం ఎక్కడుందని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. పైఅంతస్తుకు చేరేసరికి ఆ మాటకు కాళ్లొచ్చి, అతనికి ఊరవతల తోట కూడా ఉన్నట్టు తేలింది.

పదకొండింటికి మేనేజరు తాళంచెవి మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. "ఏమయ్యా, వానకి బకెట్లు పెట్టుకుంటున్నానని అర్జీలో రాశావ్! అంత కారున్నవాడికి క్వార్టర్సెందుకు? రెండో పేరు పిలవండి!"

ఇంటి దగ్గర పిల్లలు అప్పటికే ఆ క్వార్టర్సులో కిటికీ పక్క చోటు కోసం పోట్లాడుకుంటున్నారు. "అయ్యో, నాది కాదు సార్! మా తోడల్లుడిది!"

"అందరూ అదే అంటారు. కాగితాలు తీసుకురా."

పరుగెత్తుకెళ్లి తెచ్చాడు. మేనేజరు కళ్లజోడు సర్దుకుని పేరు చదివాడు. అది అతని పేరు కాదు, అతని తోడల్లుడి పేరూ కాదు. "ఎవరిదయ్యా ఇది? కొంపదీసి దొంగ బండి కాదుగదా?" అంటూ వాచ్‌మన్‌ను పిలిచాడు. ఇందాక సెల్యూట్ కొట్టిన వాచ్‌మన్ ఈసారి వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

స్టోరు కీపరు తోడల్లుడికి ఫోన్ చేశాడు. మేనేజరు స్పీకర్ పెట్టించాడు.

"అన్నయ్యా, అరవకండి" అన్నాడు తోడల్లుడు నీరసంగా. "అది మా డైరెక్టర్‌గారిది. మూడు నెలలు ఇక్కడుండరు, చూసుకోమని నాకిచ్చారు. మీరు కొత్త స్కూటర్ కొన్నారని వదిన ఫొటో పంపిన రోజు నుంచి మా ఆవిడ నన్ను మనిషిలా చూడట్లేదు. మీరు చూసి కుళ్లుకోవాలనే మీ వాకిట్లో పెట్టా. రంగులూ లేవు, ఏమీ లేవు."

పరువు పోయింది, ఇల్లు పోయేలా ఉంది, అయినా స్టోరు కీపరు కడుపు చల్లబడింది. తన స్కూటర్ చూసి కుళ్లుకున్నవాడు ఒకడున్నాడు!

మేనేజరు వాచ్‌మన్‌ను పంపేసి, తలుపు వేసి, గొంతు తగ్గించాడు. "ఇబ్బందిలో ఉన్నవాడివేనని రుజువైందిలే. అది సరేగాని, ఈ సాయంత్రం దాకా ఆ బండి ఇక్కడుంటే నీకేమైనా కష్టమా?"

"ఎందుకు సార్?"

మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. "మా తోడల్లుడు భోజనానికొస్తున్నాడు."

క్వార్టర్సు తాళంచెవి ఇటు, కారు తాళంచెవి అటు చేతులు మారాయి. రిజిస్టరులో మాత్రం మొదటిదే నమోదైంది.