మోకాలికెక్కిన అవకాడో నూనె

పుత్తూరు బజారులో చెక్క గానుగ నడిపే దామోదరం ఆ సోమవారం పొద్దున పెట్టుకున్న పని చాలా చిన్నది. మధ్యాహ్నం అన్నంలో రెండు చెంచాల అవకాడో నూనె కలుపుకొని తినాలి. అది ఎవరి కంటా పడకుండా తినాలి. అంతే.

ఆ రెండోదే కష్టం. ముప్ఫై ఏళ్లుగా తన గానుగలో ఆడించిన నూనె తప్ప ఇంకో నూనె చుక్క ఆయన ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. దుకాణం ముందు బోర్డు మీద "మా ఇంట్లో తినేదే మీకు ఇస్తాము" అని పసుపు అక్షరాలతో రాయించి, ఏటా వాటికి కొత్త రంగు వేయిస్తాడు. అలాంటి మనిషికి రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువని తేలింది. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో రోగులకు ఆహారం గురించి సలహాలు చెప్పే ఉద్యోగం చేస్తున్న కూతురు జయంతి, ఆదివారం బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే సంచిలోంచి సీసా తీసి వంటగది గట్టు మీద పెట్టింది.

"నాయనా, ఇది మందు కాదు, మంత్రం కాదు. దీంట్లో ఉండే కొవ్వు గుండెకి మంచి రకం. నెయ్యి, డాల్డా, బజ్జీలు మానేసి వాటికి బదులుగా తింటే చెడ్డ కొలెస్ట్రాల్ కొంత తగ్గొచ్చు. బదులుగా, నాయనా. వాటి మీద అదనంగా కాదు. దినానికి రెండు చెంచాలు."

"మన చెనిక్కాయ నూనెకి ఏమొచ్చిందిమ్మా?"

"దానికేం రాలేదు. సాయంత్రమైతే దేవకమ్మ బండి కాడ నువ్వు తినే ఆరు బజ్జీలకి వచ్చింది."

దామోదరం సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నూనె ఆడేవాడే నూనె కొనుక్కోని తింటా ఉండాడని బజార్లో తెలిస్తే, ఆ బోర్డు నేనే పీకి పొయ్యిలో పెట్టుకోవాల" అన్నాడు.

భార్య మునిలక్ష్మి ఆ చిక్కును రెండు నిమిషాల్లో విప్పింది. నూనెను పెద్ద పన్నీరు సీసాలోకి వంచి, అవకాడో బొమ్మ ఉన్న అసలు సీసాను పేపర్లో చుట్టి చెత్తబుట్ట అడుగున పెట్టింది. "అంగడికి తీసుకపో. పరదా ఎనకాల కూర్చోని తిను. ఎవురు సూస్తారు?" అంది.

బాలచంద్ర చూశాడు. ఇరవై ఏళ్లుగా ఆ గానుగ దగ్గరే పనిచేస్తున్న బాలచంద్ర మంచివాడే గాని, విన్న మాట ఆయన దగ్గర గంటకు మించి నిలవదు. సోమవారం మధ్యాహ్నం దామోదరం ఒక చెంచా అన్నంలో కలుపుకొని తిని, రెండో చెంచా ఉడికించిన బీన్సు మీదికి వంచబోతుండగా పరదా పక్కకు జరిగింది.

"ఏందన్నా అది, అంత పచ్చగా ఉండాది?"

దామోదరం చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది. "మోకాలి నూనె" అనేశాడు. అన్నాక, మోకాలి నూనెను బీన్సులో పోసుకోవడం బాగుండదని తోచి, పంచె పైకి లాగి ఎడమ మోకాలికి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఆ మోకాలు పుట్టిన నాటి నుంచి ఆయనను ఒక్క మాటా అనలేదు.

"నీకు మోకాలి నొప్పుండాదా? ఏ ఆకుతో కాసిందన్నా?"

"కొండాకు" అన్నాడు దామోదరం. అబద్ధానికి అలవాటు లేనివాడు కాబట్టి ఒకటి చాలని తెలియలేదు.

మంగళవారం తెల్లవారేసరికి ఎదురుగా పూలమ్మే కుప్పమ్మ దుకాణం మెట్ల మీద కూర్చొని ఉంది. "అన్నా, పదేండ్ల నొప్పి. రెండు చుక్కలియ్యన్నా" అంది. లేదనడానికి దామోదరం నోరు తెరిచాడు. పక్కన బాలచంద్ర అప్పటికే పన్నీరు సీసా పట్టుకొని నిలబడ్డాడు. గురువారానికల్లా కుప్పమ్మ గోడ పట్టుకోకుండా లేచి, బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూపించింది.

ఇంకో ఊళ్లో అయితే ఆ మాట అక్కడితో ఆగేదేమో. పుత్తూరు అంటేనే కట్టు. చేతులూ కాళ్లూ విరిగినవాళ్లు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి వస్తుంటారు. వాళ్లకు తోడుగా వచ్చినవాళ్లకు ఏదో ఒక కీలు నొప్పి ఉండనే ఉంటుంది. శుక్రవారం గానుగ ముందు పాతికమంది చేరారు. డబ్బు తీసుకుంటే అబద్ధం పెద్దదవుతుందని దామోదరం ఊరికే ఇచ్చాడు. ఊరికే ఇస్తున్నారనేసరికి గుంపు పెద్దదైంది.

సాయంత్రానికి సీసా ఖాళీ అయింది. దామోదరం గుండెల నిండా ఊపిరి పీల్చుకొని బయటికొచ్చాడు. "అయిపాయ. కొండకి పోయి ఆకు తేవాల. ఇప్పట్లో కాదు. అందరూ ఇండ్లకి పోండి" అన్నాడు.

శనివారం పొద్దున దుకాణం తలుపు తీయడానికి వస్తే తలుపు కనబడలేదు. దానికి అడ్డంగా తొమ్మిది గోనెసంచుల ఆకులున్నాయి. వావిలి, తంగేడు, కానుగ, మునగ, పేరు తెలియనివి ఇంకెన్నో. "ఏ ఆకో నువ్వు చెప్పకపోతివి. అందుకే అన్నీ పీక్కొస్తిమి. నువ్వే ఏరుకో సామీ" అన్నాడు నగరి నుంచి వచ్చిన ఒకాయన, చేతులకు అంటిన పసరు తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. జయంతి.

"నాయనా, నూనె వాడతా ఉండావా?"

"అయిపాయమ్మా."

"అర లీటరా? ఆరు దినాలకే?" జయంతి గొంతు పెరిగింది. "ఎక్కువ తాగితే ఎక్కువ మంచిదనుకుంటివా? అదీ కొవ్వే గదా నాయనా! నీకు చెప్పిందేంది, నువ్వు చేసిందేంది? మూడు నెల్ల తర్వాత మళ్లా పరీక్ష చేయించేదాకా నీకు ఇంకొక చుక్క కూడా తేను." ఫోను పెట్టేసింది.

దామోదరం ఫోను జేబులో పెట్టుకొని తలెత్తేసరికి గుంపు రెండుగా చీలి దారి ఇస్తోంది. ఆ దారిలో కట్లు కట్టే రామచంద్ర నడిచి వస్తున్నాడు. డెబ్బై ఏళ్లు దాటిన పెద్దమనిషి. ఆయన వెనక వరలక్ష్మమ్మ అనే ముసలావిడ, వాచిన కుడి మణికట్టును కొంగులో పెట్టుకొని అడుగులో అడుగు వేస్తోంది.

"దామోదరం, నీతో కొట్లాడేదానికి రాలేదప్పా" అన్నాడు రామచంద్ర. "ఈయమ్మకి ఎముక విరిగి ఉండాది. ఎక్స్‌రే తీయించుకోని రా, కట్టు కడతానంటే వద్దంటాది. నీ నూనె ఉంటే చాలంట. అదేం ఆకో చెప్పు. మంచిదైతే నేనూ నేర్చుకుంటాను."

వరలక్ష్మమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. "కట్టంటే నాకు భయం నాయనా. ఎముక లాగతారంట. నీ నూనె ఇంత రుద్దు, అదే అతుక్కుంటాది" అంది, నమ్మకంగా చెయ్యి చాపుతూ.

ఆ చెయ్యి వంకాయలా ఉబ్బి ఉంది. కుప్పమ్మ నడిచినప్పుడు దామోదరానికి లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు దానికి సిగ్గేసింది. ఒక గోనెసంచి పక్కకు జరిపి మెట్టెక్కి నిలబడ్డాడు.

"ఆకు లేదు, కొండ లేదు" అన్నాడు గట్టిగా. "అది అవకాడో నూనె. అన్నంలో తినేది. నాకు కొలెస్ట్రాల్ ఉండాదని మా పాప తెచ్చిచ్చింది. గానుగోడు బయటి నూనె తింటాడని మీకు తెలిస్తే పరువు పోతాదని మోకాలికి రుద్దుకుంటిని. నాకు మోకాలి నొప్పే లేదు. అవ్వా, దాంతో ఎముక అతకదు. నాది తప్పు. ముందు నువ్వు కట్టు కట్టించుకో."

దామోదరం రాళ్లు పడతాయనే అనుకున్నాడు. ముందుగా పడింది కుప్పమ్మ గొంతు.

"అట్లయితే నా మోకాలు ఎట్ల తగ్గింది?"

"పూటకి అర్ధగంట కూర్చోని రుద్దుకుంటివి గదమ్మా" అన్నాడు రామచంద్ర. "ఆముదంతో రుద్దినా అంత సుఖం ఉంటాది."

బాలచంద్ర మాత్రం తలెత్తి బోర్డును అక్షరం అక్షరం చదువుతున్నాడు. "అన్నా, ఇంట్లో తినేదే ఇస్తామని రాసి ఉండాది. నువ్విచ్చింది అదే గదా! దీంట్లో తప్పేముండాది?"

ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత బజారంతా నవ్వింది. వరలక్ష్మమ్మ ఎడమ చెయ్యి పట్టుకొని, ఎక్స్‌రే దగ్గరికీ అక్కడి నుంచి కట్టు దగ్గరికీ దామోదరమే నడిపించుకొని పోయాడు. కట్టు కట్టేటప్పుడు ఆవిడ కంటే ఆయనే ఎక్కువ కళ్లు మూసుకున్నాడు. ఆకులు మేకలకు పోయాయి.

ఇంతటితో పీడ వదిలిందనుకొని సాయంత్రం తేలిక మనసుతో దేవకమ్మ బండి దగ్గరికి వెళ్లాడు.

"నీకు కొవ్వుండాదంట గదన్నా" అంది దేవకమ్మ, జల్లిగరిటె ఎత్తి. "పో. నీకు బజ్జీ లేదు."

"ఒక్కటి, దేవకమ్మా."

"రేపు నీకేమన్నా అయితే నా బండి మీద మాట వస్తాది. పోన్నా."

టీకొట్టులో అడక్కుండానే చక్కెర లేని టీ ఇచ్చారు. హోటల్లో పొంగలి మీద నెయ్యి వేయబోయిన మనిషిని, పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు చెయ్యి పట్టుకొని ఆపారు. పొద్దున్నే రామచంద్ర ఇంటిముందుకొచ్చి, "మోకాళ్లు బాగుండాయని నువ్వే చెప్తివి గదప్పా, నడువు" అని తిరుపతి రోడ్డు మీద మూడు మైళ్లు తిప్పడం మొదలుపెట్టాడు. ఒక రోజు తప్పించుకుంటే, ఎందుకు రాలేదని కుప్పమ్మ మధ్యాహ్నానికల్లా అడిగేది. బయటికి తెలిస్తే పరువు పోతుందనుకున్న జబ్బుకు ఊరంతా కాపలా కూర్చుంది.

మూడు నెలల తర్వాత జయంతి రిపోర్టు చేత్తో పట్టుకొని ఊపుకుంటూ వచ్చింది. కొలెస్ట్రాల్ దిగింది. నడుము కూడా రెండంగుళాలు తగ్గింది.

"చూస్తివా నాయనా! ఆరు దినాల్లో తాగేసినా నూనె ఎంత పని చేసిందో!"

మునిలక్ష్మి దగ్గింది. దామోదరం గోడ మీది క్యాలెండరు చూశాడు. చివరికి జరిగిందంతా చెప్పక తప్పలేదు. గోనెసంచుల దగ్గరికి వచ్చేసరికి జయంతి నవ్వలేక నేల మీద కూర్చుండిపోయింది.

"అంటే ఒక్క చెంచా కూడా కడుపులోకి పోలేదా?"

"ఒకటి పోయిందిమ్మా. రెండోది పొయ్యేలోపల బాలచంద్ర వచ్చె."

జయంతి కళ్లు తుడుచుకొని సంచిలోంచి కొత్త సీసా తీసింది. "ఇంక దాచుకోకుండా తిను. నడక మానద్దు. బజ్జీ అనే మాట ఎత్తద్దు" అంది. దామోదరం సరేనన్నాడు. చాలా రోజులకు ఒళ్లూ మనసూ రెండూ తేలిగ్గా ఉన్నాయాయనకు. రిపోర్టు బాగా వచ్చిన సంతోషంలో ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరికీ నేతి సేమ్యా పాయసం చేశారు. దామోదరానికి సొరకాయ ఉడకబెట్టారు.