నిపుణురాలు బుజ్జమ్మ, వయసు ఆరు

సాఫ్ట్‌వేర్ గురించి సమస్తం తెలిసిన ఇంకో సాఫ్ట్‌వేర్ వస్తోందని, గద్వాలలోని మా ఆఫీసు పనులన్నీ ఇకమీదట అదే చేసేస్తుందని మంత్రిగారు ప్రకటించారు. ముందు ఒక నిపుణుడి బుర్రలో ఉన్నదంతా దానికి నేర్పాలట. ఆ నిపుణుడు నేనేనని మా అధికారి సుదర్శన్ సార్ తేల్చారు. పన్నెండేళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్ని. సిగ్గుపడ్డాను గానీ కాదనలేదు.

నా జ్ఞానాన్ని రూల్స్‌గా రాసుకోవడానికి హైదరాబాద్ నుంచి అర్చన అనే ఇంజనీర్ వచ్చింది.

"స్క్రీన్ మీద ఒకటుండి, ఎదురుగా మనిషి ఇంకోటి చెప్తే ఏది నిజం?"

"స్క్రీన్ మీదిదే మేడం" అన్నాను గంభీరంగా. అది ఒకటో రూల్ అయింది.

"దరఖాస్తు మధ్యలో ఆగిపోతే?"

"రేపు రమ్మంటాను."

"రేపు కూడా ఆగిపోతే?"

నా జ్ఞానం అక్కడితో అయిపోయింది.

బెంచీ మీంచి బుజ్జమ్మ అందుకుంది. గట్టు మండలంలోని పల్లె నుంచి ఎనిమిది నెలలుగా తిరుగుతున్న ముసలావిడ. ఆమె వయసు అరవై ఆరు కొట్టబోయి నేను ఆరు కొట్టాను. వృద్ధాప్య పింఛను ఆగిపోయింది.

"జర ఎనకకు పో బిడ్డా. జిల్లా మార్చి, మళ్ల గద్వాలే పెట్టు. అప్పుడు కదుల్తది. గీ సారు ఒత్తుతుంటె రోజూ సూస్తున్న గద."

అర్చన ఒత్తింది. కదిలింది.

సాయంత్రానికి బుజ్జమ్మ నలభై రూల్స్ చెప్పింది. నావి రెండు. అర్చన సంతోషించి నిపుణుల జాబితాలో ఆమె పేరు కూడా ఎక్కించింది. మిగతా వివరాలు పాత రికార్డు నుంచి వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి.

"నా వయసు గూడ సక్కజేస్తదా ఇది?" అంది బుజ్జమ్మ.

అర్చన సరిచేయబోయింది. సిస్టమ్ ఒప్పుకోలేదు. కారణం అడిగితే ఒకటో రూల్ చూపించింది.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు కాగితం చూసి చదివారు. "మన ఆరేళ్ల బాలమేధావి, చిన్నారి బుజ్జమ్మ!"

కర్ర పట్టుకుని బుజ్జమ్మ వేదికెక్కింది. మంత్రిగారు ఆమెను చూశారు, కాగితాన్ని చూశారు, సుదర్శన్ సార్ని చూశారు. సార్ నన్ను చూశారు. ఏం చేయాలో తెలియక నేను చప్పట్లు కొట్టాను. సభంతా కొట్టింది. మంత్రిగారు కాగితాన్నే నమ్మి, ఆమె బుగ్గ గిల్లి, చేతిలో స్కూలు బ్యాగు పెట్టారు.

"నాకెందుకు సారూ గీ సంచి? పింఛనియ్యుర్రి."

"ఎంత ముద్దుగా మాట్లాడుతోందో!" అన్నారు మైకులో.

సోమవారం నుంచి సిస్టమ్ ఎవరి చేయీ తగలకుండా పనిచేస్తోంది. ఆరేళ్ల పిల్ల బడిలో లేదని అదే కనిపెట్టింది. ఊరి బడిలో ఒకటో తరగతిలో అదే చేర్చింది. హాజరూ అదే వేస్తోంది. బుజ్జమ్మ పొద్దున్నే వచ్చి మా బెంచీ మీద కూర్చుంటుంది, సాయంత్రం బస్సుకు పోతుంది. బడి మాత్రం ఇంతవరకు ఒక్కరోజూ మానలేదు.